ఇంజన్ ఆయిల్‌కు చలి నేర్పిన లెక్కలు

వందేళ్ల కిందట అమెరికా ఉత్తరపు అంచున, కెనడాను ఆనుకుని ఉన్న నార్త్ డకోటా, మిన్నెసోటా పల్లెల్లో కారున్న రైతుకు చలికాలం రాత్రుళ్లు ఒక పని ఎక్కువ. ఊళ్లోంచి రాగానే, ఇంజను వేడి మీద ఉండగానే, కారు కిందికి దూరి ఆయిలంతా డబ్బాలోకి దించాలి. రేడియేటర్‌లో నీళ్లు వదిలేయాలి. నీళ్లు నేలపాలైనా ఫరవాలేదు గానీ ఆయిల్ డబ్బా మాత్రం ఇంట్లోకి తెచ్చి పొయ్యి దగ్గర పెట్టుకోవాలి. తెల్లారాక ఆ వెచ్చటి ఆయిలే మళ్లీ పోసి, కాచిన నీళ్లు రేడియేటర్‌లో నింపి, వెనక చక్రం ఒకటి జాకీతో పైకి లేపి, అప్పుడు ముందుకొచ్చి హ్యాండిల్ తిప్పాలి.

చక్రం ఎందుకు లేపడం? ఆ కారు ఫోర్డ్ మోడల్ టీ. 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షలు తయారైన బండి. ఇంజనుకూ గేర్లకూ కలిపి ఒకటే ఆయిల్. చలికి ఆయిల్ చిక్కబడితే క్లచ్ పలకలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. న్యూట్రల్‌లో ఉన్నా బండి విడిపడేది కాదు. హ్యాండిల్ తిప్పితే ఇంజనుతోపాటు బండి మొత్తాన్నీ తోస్తున్నంత బరువు. తీరా స్టార్టయితే తిప్పినవాడి మీదికే వచ్చేది. చక్రం గాల్లో ఉంటే ఆ భయం లేదు.

ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు జవాబు ‘ఇన్ని కిలోమీటర్లకు’ అని ఇప్పుడు అందరం అలవాటుగా చెబుతాం. ఆ అంకెల పుట్టుక వెతుక్కుంటూ పోతే మాత్రం దూరం కన్నా చలే ఎక్కువ కనిపిస్తుంది. ఒక్కో అలవాటూ ఒక్కో చలికాలంలో తగిలిన ఒక్కో దెబ్బకు విరుగుడుగా వచ్చింది. దెబ్బ మానిపోయాక కూడా విరుగుడు మిగిలిపోయింది.

750 మైళ్ల కాలం

మోడల్ టీతో ఇచ్చిన పుస్తకంలో ఫోర్డ్ కంపెనీ లెక్క ఇది: కొత్త బండికి 400 మైళ్లు తిరగగానే ఆయిల్ మార్చాలి, ఆపైన సుమారు 750 మైళ్లకోసారి. అంటే 1,200 కిలోమీటర్లు. ఇవాళ వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ అప్పటికి అది సబబైన లెక్కే. ఆ ఇంజనుకు ఆయిల్ పంపు లేదు. తిరిగే చక్రం ఎగజిమ్మితే చిందిన ఆయిలే అన్ని భాగాలనూ తడపాలి. ఫిల్టరూ లేదు. ఎంత ఆయిల్ ఉందో చూసుకునే పుల్ల కూడా లేదు. కారు కింద ఒకదాని పైన ఒకటిగా రెండు చిన్న కుళాయిలుండేవి. పై కుళాయిలోంచి రాకుండా కింది కుళాయిలోంచి వస్తే ఆయిల్ ఆ రెంటి నడుమ ఉన్నట్టు. మట్టిరోడ్ల దుమ్ము, లోహపు అరుగుదల, కాలని పెట్రోలు అన్నీ ఆ ఆయిల్‌లోనే చేరేవి. వాటిని పట్టి ఉంచే రసాయనాలేవీ అందులో కలిపేవారు కారు. బావిలోంచి తీసిన ముడిచమురును శుద్ధి చేస్తే వచ్చిందే ఆయిల్, అంతే.

ఈ లెక్కను పొడిగించిన మొదటి వస్తువు ఫిల్టర్. ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ తయారుచేసిన ‘ప్యూరొలేటర్’ 1923లో వచ్చింది. మరుసటి ఏడాది క్రైస్లర్ తన కారుకు దాన్ని బిగించి అమ్మింది. దుమ్ము సంగతి అలా కొంత తీరింది. చలి సంగతి మాత్రం తీరలేదు, పైగా ముదిరింది. అంతకుముందు అమెరికా ఉత్తరాదిన చాలామంది మంచు పడగానే కారును దిమ్మల మీదికెక్కించి, వసంతం దాకా గుర్రబ్బండి మీద తిరిగేవాళ్లు. 1920ల్లో టాపూ అద్దాలూ ఉన్న మూసిన కార్లు మామూలయ్యాయి. రోడ్ల మీద మంచు తోసే యంత్రాలు వచ్చాయి. చలికాలంలోనూ కారు బయటికి తీయక తప్పని రోజులొచ్చాయి. పైగా చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912లో కెడిలాక్‌తో మొదలై మిగతా కార్లకూ పాకింది. మనిషి చెయ్యి చేసే పని బ్యాటరీ మీద పడింది. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, అదే చలికి ఆయిల్ బరువెక్కుతుంది. రెండూ ఒకే తెల్లవారుజామున ఎదురుపడేవి.

గడ్డకట్టే గుణం ఎక్కడిది

మన ఇళ్లలో జనవరి పొద్దున కొబ్బరినూనె సీసా బోర్లించినా చుక్క రాదు కదా, ముడిచమురులోంచి తీసిన ఆయిల్‌కూ అటువంటి తంటానే ఉంది. అందులో మైనం ఉంటుంది. చల్లబడేకొద్దీ ఆ మైనం సన్నని పలుకులుగా కట్టి, ఒకదానికొకటి అల్లుకుని, మధ్యలో ద్రవాన్ని కదలనివ్వకుండా బంధిస్తుంది. డీజిల్‌ను కూడా పట్టి పీడించేది ఈ మైనమే. ఇండియన్ ఆయిల్ కంపెనీ 2019లో లదాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ను ప్రత్యేకంగా తేవలసి వచ్చింది అందుకే.

మైనం గొడవ లేకపోయినా రెండో చిక్కు ఉంది. ఏ నూనె అయినా చల్లబడితే చిక్కబడుతుంది, వేడెక్కితే పలచబడుతుంది. ఎంత చిక్కబడుతుందన్నది మాత్రం ఏ బావి చమురన్న దాన్నిబట్టి మారుతుంది. పెన్సిల్వేనియా చమురు ఈ మార్పును బాగా తట్టుకునేది. గల్ఫ్ తీరపు చమురు ఏమాత్రం తట్టుకునేది కాదు. 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు ఈ తేడాకు ఒక కొలబద్ద కట్టారు. పెన్సిల్వేనియా నూనెకు 100 మార్కులు, గల్ఫ్ నూనెకు సున్నా. ‘విస్కాసిటీ ఇండెక్స్’ పేరుతో ఆ కొలత ఇవాళ్టికీ చెలామణిలో ఉంది. తర్వాతి నూనెలు ఆ నూరును ఎప్పుడో దాటిపోయాయి.

ఆ ఇద్దరిలో డేవిస్ 1930ల మొదట్లో మైనం మీద కూడా దెబ్బ తీశాడు. ఆయన కనిపెట్టిన ‘పారాఫ్లో’ అనే పదార్థాన్ని కొద్దిగా కలిపితే మైనపు పలుకులు పుట్టకుండా పోవు గానీ, ఒకదానితో ఒకటి అల్లుకోలేవు. అల్లిక లేకపోతే ఆయిల్ పారుతుంది.

వేసవికొకటి, శీతాకాలానికొకటి

ఆయిల్ చిక్కదనానికి అంకెలిచ్చే పని అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ 1911లో మొదలుపెట్టింది. అంకె పెరిగేకొద్దీ చిక్కదనం ఎక్కువ. ఆ అంకెలన్నీ వేడి ఇంజనులో ఆయిల్ ఎలా ఉంటుందో చెప్పేవే. చల్లటి పొద్దున ఎలా ఉంటుందో చెప్పే అంకె లేదు. 1930ల్లో 10డబ్ల్యూ, 20డబ్ల్యూ అనే కొత్త తరగతులు చేరాయి. డబ్ల్యూ అంటే వింటర్.

దాంతో ఉత్తరాదిన ఒక కొత్త ఆచారం స్థిరపడింది. మంచు పడబోయే ముందు పలచటి ఆయిల్, వసంతం రాగానే చిక్కటి ఆయిల్. కారు ఎంత తిరిగిందన్న దానితో పనిలేదు. ఋతువు మారితే ఆయిల్ మారాలి. మరీ చలిగా ఉంటే? షెవ్రొలే కార్ల పుస్తకాల్లో దానికీ ఒక చిట్కా ఉండేది: 10డబ్ల్యూ ఆయిల్‌లో పదో వంతు కిరోసిన్ కలపండి. కంపెనీయే చెప్పాక ఇక జనం ఊరుకుంటారా? కిరోసిన్ కొలత ఇంటింటికో తీరుగా సాగింది. ఇంజను తిరిగేది, దానితోపాటు బేరింగులూ అరిగేవి. కిరోసిన్ ఆవిరైపోయేదాకా అది పలచటి కందెనే మరి.

విమానాలవాళ్లు ఇదే ఉపాయాన్ని పద్ధతిగా వాడుకున్నారు. అలాస్కాలో మారుమూలలకు తిరిగే పైలట్లు మొదట్లో రైతులాగే దిగగానే ఆయిల్ డబ్బాలోకి దించుకుని గుడిసెకు తీసుకుపోయేవాళ్లు. పొద్దున్నే ఇంజను మీద కాన్వాసు గుడ్డ కప్పి, దాని కింద కుంపటి పెట్టి కాచేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఇంజను ఆపబోయే ముందు పెట్రోలునే కొంత ఆయిల్‌లోకి వదిలే ఏర్పాటు విమానంలోనే వచ్చింది. తెల్లారి స్టార్టయ్యాక ఆ పెట్రోలు వేడికి ఆవిరైపోయేది. ఈ తయారీలేవీ లేకుండా 1941 శీతాకాలంలో మాస్కో వాకిట్లో నిలబడ్డ జర్మన్ సైన్యం ట్యాంకుల కింద మంటలు వేసుకోవలసి వచ్చింది.

ఇంజనుకో ఇస్త్రీపెట్టె

ఆయిల్‌ను చలికి తగ్గట్టు మార్చడం ఒక దారి. చలినే ఇంజను దగ్గరికి రానీయకపోవడం రెండో దారి. ఆ దారి వేసినవాడు నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ వాసి ఆండ్రూ ఫ్రీమన్. ఆయన కారు మెకానిక్ కాదు, గ్రామీణ విద్యుత్ సహకార సంఘాన్ని నడిపిన మనిషి. పల్లెలకు కరెంటు అప్పుడప్పుడే చేరుతున్న కాలం. పాత ఇస్త్రీపెట్టెలోని తీగ, కొన్ని రాగి గొట్టం ముక్కలు కలిపి మొదటి హీటర్ చేశాడని చెబుతారు. ఇంజను పైభాగాన్ని బిగించే బోల్టుల్లో ఒకదాన్ని తీసి, ఆ చోట వేడెక్కే బోల్టును బిగించడం ఆయన పద్ధతి. 1949 నవంబరు 8న పేటెంటు వచ్చింది.

ఇప్పుడు ఆ పని చేసేది బ్లాక్ హీటర్. ఇంజనులో తిరిగే నీటిని వెచ్చబెడుతుంది. ఆయిల్ ఉండే తొట్టికి కింద అంటించే పలుచటి హీటర్లు వేరే ఉన్నాయి. కెనడాలోని విన్నిపెగ్, ఎడ్మంటన్, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వంటి ఊళ్లలో కార్ల ముందు భాగం నుంచి వైరు వేలాడుతూ ఉంటుంది. అపార్టుమెంట్ల ముందూ ఆఫీసుల ముందూ పార్కింగ్ స్థలాల్లో వరసగా ప్లగ్గులుంటాయి. ఫిన్‌లాండ్‌లో ప్లగ్గులుండే స్తంభాలకు టైమర్లు కూడా అమర్చారు, ఎందుకంటే రాత్రంతా కాయనక్కర్లేదు, బయల్దేరే ముందు రెండు మూడు గంటలు చాలు. ఆ ఊళ్లకు ఉద్యోగాలకూ చదువులకూ వెళ్లిన తెలుగువాళ్లు మొదటి శీతాకాలంలో నేర్చుకునే పాఠాల్లో ఇదొకటి: ఎలక్ట్రిక్ కారు కాకపోయినా ప్లగ్గు పెట్టాలి.

సైబీరియాలోని యాకుత్స్క్ వాళ్ల దారి వేరు. మైనస్ 40 అక్కడ మామూలు జనవరి. కారు అద్దాలకు రెండో పొర అంటిస్తారు. ఆరుబయట ఆపిన కారుకు ‘నతాషా’ అని ముద్దుగా పిలుచుకునే దళసరి ముసుగు కప్పుతారు. వెచ్చటి గ్యారేజీ లేనివాళ్లు పని మీద దిగినా ఇంజను ఆపరు. గంటల తరబడి అలా తిరుగుతూనే ఉంటుంది. కారు కదలలేదు కాబట్టి మీటరులో ఒక్క కిలోమీటరు పెరగదు, ఆయిల్ వయసు మాత్రం పెరిగిపోతుంది. కిలోమీటర్ల లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

రెండు అంకెల ఆయిల్

1950ల్లో 10డబ్ల్యూ-30 వంటి ఆయిళ్లు బజారుకొచ్చాయి. చల్లగా ఉన్నప్పుడు పలచటి ఆయిల్‌లా, వేడెక్కాక చిక్కటి ఆయిల్‌లా పనిచేసేవి ఇవి. రహస్యం వాటిలో కలిపిన పాలిమర్లది. ఆ పొడవాటి అణువులు చలిలో ముడుచుకుని ఊరకుంటాయి. వేడికి విచ్చుకుని ఆయిల్‌ను మరీ పలచబడనివ్వవు. ఋతువుకొకసారి ఆయిల్ మార్చే అవసరం దాంతో పోయింది. అలవాటు మాత్రం పోలేదు. దీపావళికి ఇల్లు దులిపినట్టు, శీతాకాలం ముందు ఆయిల్ మార్చనిదే తోచనివాళ్లు ఉత్తరాదిన ఇప్పటికీ ఉన్నారు.

తర్వాతి మలుపు జెట్ విమానాల వైపు నుంచి వచ్చింది. జెట్ ఇంజను వేడినీ, పైన ఆకాశంలోని చలినీ రెంటినీ మామూలు ఆయిల్ తట్టుకోలేదు. వాటికి ప్రయోగశాలలో తయారుచేసిన సింథటిక్ ఆయిల్ వాడేవారు. ఇందులో గడ్డకట్టే మైనం ఉండదు. మిన్నెసోటాలోని డులూత్‌లో యుద్ధవిమానాల దళాన్ని నడిపిన ఆల్ అమాటుజియో, విమానానికి పనికొచ్చింది కారుకెందుకు పనికిరాదని పట్టుబట్టాడు. 1972లో ఆయన ఆమ్సాయిల్ కంపెనీ తెచ్చిన సింథటిక్ ఆయిల్ అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణాలను అందుకున్న తొలి కారు సింథటిక్‌గా పేరుపొందింది. 25,000 మైళ్లకు, లేదా ఏడాదికి ఒక్కసారి మార్చితే చాలని ఆ కంపెనీ చెప్పింది. 750 మైళ్ల దగ్గర బయల్దేరిన లెక్క అక్కడికి చేరింది. రెండేళ్లకు మొబిల్ 1 అనే మరో సింథటిక్ ఆయిల్ వచ్చింది. అప్పటికి చమురు సంక్షోభం నడుస్తోంది కాబట్టి దీంతో పెట్రోలు ఆదా అన్న మాట జనానికి ఇంపుగా వినిపించింది.

సూ ఫాల్స్ దెబ్బ

చలి అంతటితో ఊరుకోలేదు. 1980-81 శీతాకాలంలో సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ ప్రాంతంలో ఇంజన్లు ఉన్నట్టుండి పాడైపోసాగాయి. విచిత్రం ఏమిటంటే అవి బాగానే స్టార్టయ్యాయి. అప్పటికి ఉన్న పరీక్షలన్నీ పాసైన ఆయిలే వాటిలో ఉంది. చలి కూడా ఆ ఊరికి మరీ కొత్తదేమీ కాదు.

తప్పు చలి తీవ్రతలో లేదు, చలి వచ్చిన తీరులో ఉంది. ప్రయోగశాలలో ఆయిల్‌ను గబగబా చల్లబరిచి కొలిచేవారు. ఆ శీతాకాలంలో ఆయిల్ మెల్లమెల్లగా చల్లబడింది. అలా చల్లబడినప్పుడు మైనం తీరిగ్గా గట్టి అల్లిక కట్టుకుని ఆయిల్‌ను జున్నుగడ్డలా చేసింది. ఇంజను తిరగడానికి అంటుకుని ఉన్న కొంచెం ఆయిల్ చాలింది. పంపు మాత్రం తొట్టిలోంచి ఒక్క గుక్క లాక్కోగానే అక్కడ గుంట పడింది. చుట్టూ ఉన్న ఆయిల్ ఆ గుంటలోకి జారలేదు. ఆపైన పంపు పీల్చింది గాలినే. స్టార్టు కాకుండా మొరాయించి ఉంటే ఇంజను దక్కేది, బాగా స్టార్టయ్యే కొంప ముంచింది.

దాంతో పరీక్ష పద్ధతే మారిపోయింది. ఇప్పుడు ఆయిల్‌ను 45 గంటలకు పైగా నెమ్మదిగా చల్లబరిచి, అప్పుడు పారుతుందో లేదో చూస్తారు. డబ్బా మీది డబ్ల్యూ అంకె వెనక రెండు పరీక్షలున్నాయి. ఒకటి ఇంజను తిరగగలదా అని, రెండోది పంపు లాగగలదా అని. 0డబ్ల్యూ ఆయిల్ మొదటిదాన్ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, రెండోదాన్ని మైనస్ 40 దగ్గర గట్టెక్కాలి. 5డబ్ల్యూకు మైనస్ 30, మైనస్ 35. మన బైకుల్లో పోసే 20డబ్ల్యూ-40కి మైనస్ 15, మైనస్ 20 చాలు. రెండో పరీక్షను ఎప్పుడూ అయిదు డిగ్రీలు ఎక్కువ చలిలో పెట్టడంలో ఒక తెలివి ఉంది. ఇంజను తిరగగలిగిన చోటల్లా ఆయిల్ అందితీరాలి. అందని చోట అసలు స్టార్టే కాకుండా ఉండటం మేలు.

మూడు వేల మైళ్ల స్టిక్కరు

ఇక అమెరికా వాళ్లకు మంత్రంలా నోటికొచ్చిన అంకె: 3,000 మైళ్లు, లేదా మూడు నెలలు. 1970ల తర్వాత రోడ్డు పక్కన పది నిమిషాల్లో ఆయిల్ మార్చి పంపే దుకాణాలు గొలుసుకట్టుగా వెలిశాయి. పని కాగానే అద్దం మూల చిన్న స్టిక్కరు అంటించేవాళ్లు, మళ్లీ ఎన్ని మైళ్లకు రావాలో రాసి. ఎంత తొందరగా వస్తే దుకాణానికి అంత లాభమన్నది వేరే చెప్పనక్కర్లేదు. కారు కంపెనీలు 5,000, 7,500, పదివేల మైళ్ల దాకా గడువు పెంచుతూ పోయినా స్టిక్కరు మారలేదు. చివరికి కాలిఫోర్నియాలో వ్యర్థాల సంగతి చూసే ప్రభుత్వశాఖే, ఇంత ఆయిల్ దండగ చేయకండి, పుస్తకం చూసి మార్చండి అని ప్రచారానికి దిగింది.

కాలిఫోర్నియాకు అది సరైన మాటే. మైనస్ 25లో నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడికి మాత్రం పాత అంకెలో కొంత నిజం మిగిలే ఉంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను వేడిగా ఉంటే అదంతా పొగగొట్టంలోంచి పోతుంది. చల్లటి ఇంజనులో కొంత ఆవిరి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి ఆయిల్ తొట్టిలో నీరవుతుంది. చలిలో స్టార్టు కావడానికి ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కాలని పెట్రోలు కూడా అదే దారిన దిగుతుంది. అరగంట ఆగకుండా నడిపితే ఆయిల్ వేడెక్కి ఈ రెండూ ఆవిరైపోతాయి. పది నిమిషాల్లో ఆపేస్తే ఉండిపోతాయి. రోజూ ఇలాగే జరిగితే ఆయిల్ మూత లోపల తెల్లటి జిగురు పేరుకుంటుంది, ఆయిల్‌లో ఆమ్లాలు చేరతాయి. కారు నడిచింది తక్కువే, ఆయిల్ చెడింది ఎక్కువ.

ఈ తేడాను యంత్రానికి నేర్పినవాళ్లలో ముఖ్యురాలు జనరల్ మోటార్స్ రసాయనశాస్త్రవేత్త షర్లీ ష్వార్ట్జ్. ఆయిల్‌లో సెన్సరు ముంచి చూడటం కాదు ఆమె బృందం దారి. ఇంజను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, అప్పటి వేడిని బట్టి ఒక్కో చుట్టుకూ విలువ కట్టారు. చల్లటి ఆయిల్‌లో తిరిగిన చుట్టుకూ, మరీ కాగిన ఆయిల్‌లో తిరిగిన చుట్టుకూ జరిమానా పడుతుంది. నిలకడగా హైవే మీద తిరిగినదానికి తక్కువ పడుతుంది. 1988 ఓల్డ్స్‌మొబైల్‌లో ఈ ఏర్పాటు మొదలైంది. ఒకే మోడల్, ఒకే ఆయిల్. ఒకరికి 3,000 మైళ్లకే ఆయిల్ మార్చమనే దీపం వెలగవచ్చు, మరొకరికి పదివేలు దాటినా వెలగకపోవచ్చు. ఆయిల్ మార్చాల్సిన గడువుకు మైలురాయి సరైన కొలత కాదని ఒక కారు కంపెనీయే లెక్కకట్టి ఒప్పుకోవడం అది.

మనకెందుకు 0డబ్ల్యూ

మైనస్ 35 కోసం పుట్టిన ఆయిల్ ఇప్పుడు విజయవాడ మే నెలలో కూడా తిరుగుతోంది. మారుతి సుజుకీ పెట్రోలు కార్లు కొన్నింటికి 0డబ్ల్యూ-16 చెబుతోంది. మంచు చూడని ఊళ్లో వింటర్ ఆయిల్ ఏమిటని పాతకాలపు మెకానిక్ పెదవి విరవడం సహజమే. ఇంజనుకు మాత్రం మన ముప్పై డిగ్రీలు కూడా చలే. అది పనిచేసేది వంద డిగ్రీల దగ్గర. 0డబ్ల్యూ-16 లాంటి పలచటి ఆయిల్ సైతం 40 డిగ్రీల దగ్గర, వంద డిగ్రీల దగ్గర ఉన్నదానికి దాదాపు అయిదు రెట్లు చిక్కగా ఉంటుంది. పొద్దున స్టార్టు చేయగానే అది ఎంత త్వరగా పైకి ఎక్కితే అంత మంచిది, ఇంజను మీద భారం తగ్గి పెట్రోలూ కలిసొస్తుంది. అయితే ఏ ఇంజనుకు ఏ ఆయిల్ అన్నది దాని సందుల కొలతను బట్టే ఉంటుంది. చిక్కటి ఆయిల్ కోసం చేసిన పాత ఇంజనులో పలచటిది పోయడం, కొత్త ఇంజనులో చిక్కటిది పోయడం రెండూ తప్పే.

ఉత్తరాది శీతాకాలాలు వందేళ్లలో నేర్పిన సారం ఇక్కడా పనికొస్తుంది. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లే తిరిగిందని, పదివేలు నిండేదాకా ఆయిల్ మార్చకుండా రెండున్నరేళ్లు లాగించే కారు మన వీధుల్లోనూ ఉంది. సందు చివర బడికీ, మార్కెట్టుకూ మాత్రమే తిరిగే కారు అది. కారుతో ఇచ్చిన పుస్తకంలో కిలోమీటర్ల పక్కనే ‘లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది’ అన్న మాట ఉన్నది సరిగ్గా ఆ కారు కోసమే. హైదరాబాద్ నుంచి వారం వారం ఊరికి వెళ్లొచ్చే కారు కిలోమీటర్ల గడువు దాకా నిశ్చింతగా ఆగవచ్చు. బడి దాకా తిరిగే కారు నెలల గడువును దాటకూడదు.